గుంటలోకి దిగి చూసుకోండి

(మన సంఘం వార్షిక సమావేశంలో విశ్రాంత ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగం. ప్రత్యేక సంచిక కోసం వారే రాసి ఇచ్చారు.)



కార్యదర్శిగారు పది రోజుల క్రితం మా ఇంటికి వచ్చి, "ఈసారి గుండె డాక్టరుగారు రాలేనన్నారు, మీరొక అరగంట మాట్లాడి పెట్టాలి" అన్నారు. డాక్టరు దొరకనప్పుడు ఇంజనీరు గుర్తుకు రావడం నాకేమీ కష్టంగా లేదు. అయితే గుండె గురించి నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా మట్టి, కంకర, ఇసుక, సిమెంటు. కాబట్టి ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో కాంక్రీటు పోయడానికి ముందు నేలను ఎలా సిద్ధం చేసుకోవాలో, ఆ ఒక్క విషయమే మాట్లాడతాను. గోడలు, శ్లాబు, టైల్సు జోలికి పోను. వాటి గురించి చెప్పేవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు.

పోయిన కార్తీకంలో మనమంతా వనభోజనాలకు వెళ్ళాం గదా. అక్కడ మన సభ్యులలో ఒకరి సతీమణి, పేరు చెప్పను, విస్తరి ముందు కూర్చోబోతున్న నన్ను ఆపి అడిగారు. "అన్నయ్యగారూ, మా వంటింటి తలుపు వానాకాలం మూయబోతే పడదు. ఎండాకాలం హాయిగా పడుతుందిగానీ, గోడ బీటలో రూపాయి బిళ్ళ దూరుతుంది. మూడుసార్లు లప్పం పెట్టి రంగు వేయించాం. మళ్ళీ అక్కడే విచ్చుకుంటోంది. వాస్తు దోషమంటున్నారు, నిజమేనా?"

వాళ్ళాయన గ్రాట్యుటీ, కమ్యుటేషను, సెలవు జీతం అంతా ఆ ఇంట్లోనే ఉంది. మనలో చాలామంది సంగతి అంతే. ఉద్యోగంలో ఉన్నవాడు ఇల్లు చెడగొట్టుకుంటే ఇంకొక లోను పెట్టుకుంటాడు. మనకు ఏ బ్యాంకువాడు ఇస్తాడండీ? ఆవిడ లక్షణాలు చెబుతూ ఉండగానే నాకు రోగమేమిటో తెలిసిపోయింది. నా చదువు గొప్పతనం వల్ల కాదు. ఆ రోగం మా ఇంటికీ వచ్చింది కాబట్టి.

ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది, అయినా చెబుతాను. మేము 1991లో ఇల్లు మొదలుపెట్టాం. అప్పుడు నేను వేరే జిల్లాలో పనిచేస్తున్నాను. భూమిపూజకు రెండు రోజులు సెలవు పెట్టి వచ్చాను. ఈశాన్యంలో గుంట తవ్వించి, నవధాన్యాలు వేసి, కొబ్బరికాయ కొట్టి, సాయంత్రానికి బస్సెక్కేశాను. మిగిలిన పదకొండు గుంటలు తవ్వేటప్పుడు నేను ఊళ్ళో లేను. మేస్త్రి నమ్మకస్తుడు. ఆయనకు ఇన్‌లాండ్ లెటరు మీద అన్నీ రాసి పంపాను: గుంట ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు, జాలీకి ఎన్ని రాడ్లు, కంకర ఏ సైజు. ఆయన అక్షరం పొల్లు పోకుండా చేశాడు. ఐదడుగుల లోతు అంటే అన్ని గుంటలూ ఐదడుగులే తవ్వాడు. నేను లోతు రాశానుగానీ, ఆ లోతులో ఏ మట్టి కనపడాలో రాయలేదు.

నాలుగో ఏడు వంటింటి మూల కుంగడం మొదలైంది. 1995 వేసవిలో ఆ పిల్లరు పక్కన గొయ్యి తవ్వించి చూశాను. బెడ్ కాంక్రీటు అంచు కింద గునపం పెడితే ఏమి వచ్చిందో తెలుసా? పెంకుముక్కలు, బూడిద, రెండు గాజుముక్కలు, సగం మురిగిన కొబ్బరిచిప్ప. అది పూర్వం ఎవరిదో పెంటగుంట. ఎప్పుడో పూడ్చి పైన చదును చేశారు. మా పిల్లరు ఆ చెత్తమీద నిలబడి ఉంది. మిగతా పదకొండూ గట్టి నేలమీద ఉన్నాయి. ఆ ఒక్క గుంటలో ఇంకో మూడడుగులు దిగి ఉంటే అక్కడా గట్టి నేల తగిలేది. పైన దూలానికి ముట్లు పెట్టి, కింద కొంచెం కొంచెంగా తవ్వుతూ, తవ్వినంత మేరా కాంక్రీటు నింపుకుంటూ, నెలన్నర పట్టింది సరిచేయడానికి. దానికైన ఖర్చు మొదట పునాదులన్నిటికీ అయినదానికంటే ఎక్కువ.

సర్వీసంతా కలిపి నేను ఎన్ని పునాది గుంటలు చూసి ఎం.బుక్కులో సంతకం పెట్టానో లెక్క లేదు. మా ఆవిడ ఒకటే మాట అంది: "ఊరందరి గుంటల్లోకీ దిగారు, మన గుంటలోకి దిగలేదు." ఆవిడ ఇవాళ మూడో వరుసలో కూర్చుని ఉంది, కాబట్టి మాట మార్చి చెప్పే వీలు కూడా నాకు లేదు.

ఇక మట్టి సంగతికి వస్తాను.

మన పల్నాడు, గుంటూరు, ప్రకాశం, కర్నూలు ప్రాంతాల్లోను, అటు ఆదిలాబాదు వైపున చాలాచోట్ల నల్లరేగడి ఉంది. పత్తికి, మిరపకు, శనగకు అది బంగారం. అందులో ఉండే బంకమట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. దాని పొరల మధ్యకు నీరు దూరితే ఉబ్బుతుంది, నీరు ఆరిపోతే కుంచించుకుపోతుంది. ఎండాకాలంలో చేలో కాలు దిగబడేంత నెర్రెలు మనమంతా చూసినవాళ్ళమే. ఆ నెర్రెలే మన గోడల్లోకి ఎక్కుతాయి. ఇల్లు కట్టాక మధ్యగదుల కింద నేలలో తేమ ఇంచుమించు ఒకే రీతిగా ఉంటుంది. చుట్టూ అంచుల కింద మాత్రం వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. గోడ ఒకచోట లేచి ఇంకొకచోట దిగుతూ ఉంటే బీట రాక ఏమవుతుంది? ఎన్నిసార్లు లప్పం పెట్టినా కింద నేల ఉబ్బడం మానదు గదా. సింహద్వారం మార్చినా మానదు. వాస్తు పండితులమీద నాకు కోపం లేదు, కానీ ఈ జబ్బుకు వాళ్ళ దగ్గర మందు లేదు.

మీ స్థలంలో మట్టి ఏపాటి ఉబ్బేరకమో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థవారు ఐ.ఎస్. 2720, నలభయ్యో భాగంలో దాన్ని రాసిపెట్టారు. ఎండబెట్టి, నలిపి, సన్న జల్లెడ పట్టిన మట్టిని పదేసి గ్రాముల చొప్పున రెండు గాజు కొలపాత్రల్లో వేస్తారు. ఒకదానిలో నీళ్ళు, రెండోదానిలో కిరసనాయిలు పోసి, బాగా కలిపి, ఒక రోజంతా కదపకుండా ఉంచుతారు. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు, నీళ్ళలో ఉబ్బుతుంది. కిరసనాయిలులో పది గీతల దగ్గర ఆగిన మట్టి నీళ్ళలో పదిహేను గీతల దాకా వస్తే ఉబ్బు యాభై శాతం అన్నమాట. యాభై దాటితే జాగ్రత్తపడాలి. నూరు దాటితే మామూలు పునాదితో సరిపెట్టుకోకూడదు. నేను దీన్ని రెండు హార్లిక్స్ సీసాల్లో చేసి మా మనవడికి చూపించాను. సీసాలతో చేస్తే లెక్కకు పనికిరాదు గానీ కళ్ళతో చూడటానికి పనికొస్తుంది. (ఈ రోజుల్లో ఆ కాస్త కిరసనాయిలు సంపాదించడమే కష్టమైంది, అది వేరే సంగతి.) సరైన లెక్క కావాలంటే సివిలు విభాగం ఉన్న ఇంజనీరింగు కాలేజీల్లో ల్యాబులుంటాయి, అక్కడ అడగండి. నేల ఎంత బరువు మోయగలదో కూడా వాళ్ళే పరీక్షించి కాగితం ఇస్తారు. ఆ ఫీజు దగ్గర బేరం ఆడకండి.

రేగడి అని తేలితే ఏం చేయాలి? రేగడి పొర నాలుగైదు అడుగులే ఉండి, కింద గ్రావెలుగానీ, సుద్దగానీ, గట్టి ఎర్రమట్టిగానీ తగిలితే అదృష్టం. ఆ గట్టి నేల తగిలేదాకా దిగి, దానిమీద పునాది వేసుకోండి. రేగడి బాగా లోతుగా ఉంటే రెండు దారులున్నాయి. ఒకటి, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ మన దేశపు నల్లరేగళ్ళ కోసమే అభివృద్ధి చేసిన అండర్‌రీమ్డ్ పైల్సు. నేలలో గుండ్రటి బొరియ తీసి, అడుగున దాన్ని ఉల్లిగడ్డలాగా వెడల్పు చేసి, ఇనుము దించి కాంక్రీటు పోస్తారు. ఆ గడ్డ వెడల్పు పైకాండానికి మామూలుగా రెండున్నర రెట్లు ఉంటుంది. లోతైన రేగడిలో ఇది కనీసం మూడున్నర మీటర్లు దిగాలి. ఎందుకంటే ఎండావానల ప్రభావం చేరని లోతులో అది పట్టుకుని నిలబడాలి. ఆ పైల్సు మీద వేసే దూలానికీ నేలకూ మధ్య ఎనిమిది సెంటీమీటర్ల ఖాళీ వదలాలి, నేల ఉబ్బినా దూలాన్ని ఎత్తకుండా. చాలామంది మేస్త్రీలు ఈ ఖాళీ ఎందుకో తెలియక అందులో మట్టి కూరేస్తారు. డబ్బు పెట్టి పైల్సు వేయించి, చివరకు దాని ఫలితం లేకుండా చేసుకోవడం అంటే ఇదే.

రెండో దారి, పునాది కింద రేగడిని తీసేసి, ఉబ్బని మట్టిని దట్టించడం. బొంబాయి ఐ.ఐ.టి.లో ప్రొఫెసర్ కట్టిగారు దీనిమీద ఎన్నో ఏళ్ళు పరిశోధన చేశారు. ఆ మట్టికి కాస్త జిగురుండాలి, కానీ ఉబ్బే గుణం ఉండకూడదు. మన ఎర్రగ్రావెలులో మంచిరకం అలాంటిదే. సుమారు ఒక మీటరు మందాన దాన్ని పొరలుపొరలుగా వేసి, తడిపి, దిమ్మిస కొట్టి, దానిమీద పునాది వేస్తారు. ఈ మూడింటిలో మీకు ఏది తగినదో మట్టి పరీక్ష కాగితం చూసిన ఇంజనీరు చెప్పాలి. ఇక్కడ వేదికమీద నుంచి నేను చెప్పేది కాదు.

ఇసుక పోస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. మా నాన్నగారి కాలంలో గుంటల్లో ఇసుక పోసి నీళ్ళు పెట్టేవారు. ఆ తెలివి చిన్నదేమీ కాదు. పాలంపేటలో 1213లో కట్టిన రామప్ప గుడి కింద కాకతీయుల శిల్పులు గొయ్యి తీసి ఇసుక దట్టించి దానిమీద రాతికట్టడం నిలబెట్టారు. 2021లో యునెస్కోవారు ఆ గుడిని ప్రపంచ వారసత్వ కట్టడాలలో చేర్చారు. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852లో ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరగారు కూడా, అంతులేని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో ఈ దేశపు పాతకాలపు పనివాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని స్వయంగా ఒప్పుకున్నారు. కావేరిమీది పాత ఆనకట్ట ఆయనకు బడి అయింది. కానీ రేగడిలో తీసిన గుంటలో ఉత్త ఇసుక పోస్తే ఇంకొక చిక్కుంది. చుట్టూ నీరు ఇంకని బంకమట్టి, మధ్యలో ఇసుక. వానకు ఆ గుంట నీళ్ళతొట్టి అవుతుంది. ఆ నీరు చుట్టూ ఉన్న రేగడిని నెలల తరబడి నానబెడుతుంది. నీరు పోయే దారి చూడకుండా ఇసుక పోయకండి.

రేగడి లేదు, మాది ఎర్రనేల అని సంతోషించేవాళ్ళు కూడా కాస్త ఆగండి. ఊళ్ళు పెరిగి, కుంటలు, చెరువుల అంచులు పూడ్చి ప్లాట్లు వేసిన చోట్లు ఎన్నో ఉన్నాయి. పైన ఎర్రగ్రావెలు లారీలతో తోలి చదును చేస్తే కొనేవాళ్ళకు ఎర్రనేలే కనపడుతుంది. స్థలం కొనే ముందే ఆ వీధిలో పాతకాపులెవరైనా ఉంటే వెళ్ళి, ఇక్కడ పూర్వం ఏముండేదని అడగండి. ఒక గ్లాసు మజ్జిగ తాగుతూ ఆ ముసలాయన చెప్పే మాట ఒక్కోసారి ఏ కాగితమూ చెప్పదు. పాత నుయ్యి, ఇటుకల కోసం మట్టి తీసిన గొయ్యి, మురుగుగుంట, పెంటగుంట, ఇవన్నీ వాళ్ళ జ్ఞాపకంలోనే ఉంటాయి.

ఇప్పుడు గుంటలు తవ్వే రోజుకు వద్దాం. ముగ్గు పోసి, దారం కట్టి, గుంటలు తీస్తారు. ప్రతి గుంటలోను అడుగు చదునుగా, పక్కలు నిటారుగా ఉండాలి. తవ్వి తీసిన మట్టిని గుంట అంచున పోయనివ్వకండి. కనీసం మూడడుగుల దూరం పోయించండి. లేకపోతే వాన పడ్డా, మనిషి నడిచినా అదంతా మళ్ళీ గుంటలోనే పడుతుంది, అంచులు విరిగి లోపలి కూలీలమీద పడినా పడవచ్చు. ఆ తరువాత మీరు స్వయంగా దిగండి. మోకాళ్ళు నొప్పులైతే మీ అబ్బాయినిగానీ, అల్లుడినిగానీ దించండి, మీరు పైన కుర్చీ వేసుకుని కూర్చోండి. అడుగున నాలుగు మూలలా, మధ్యలో గునపంతో పొడవండి. గట్టినేల అయితే గునపం ఠంగున ఎగురుతుంది, చేతికి దెబ్బ తెలుస్తుంది. మెత్తగా దిగిపోతే అక్కడ ఏదో ఉంది. బొళ్ళున శబ్దం వచ్చినా అంతే. అడుగు మట్టిని చేతిలోకి తీసుకుని చూడండి. పై మట్టి రంగే ఉందా, మారిందా? పెంకు, బొగ్గు, గుడ్డపీలిక, వేళ్ళు కనపడితే అది పూడ్చిన నేల. మేస్త్రి ఏమన్నా సరే ఇంకా దిగవలసిందే.

పన్నెండు గుంటలూ కాస్త మెత్తగా ఉంటే ఇల్లంతా ఒకేతీరున కొద్దిగా దిగుతుంది, పెద్ద ప్రమాదం ఉండకపోవచ్చు. పదకొండు గట్టిగా ఉండి ఒకటి మెత్తగా ఉంటేనే గోడ చీలేది. అందుకని ఒక్కొక్క గుంటనూ పక్కదానితో పోల్చి చూడాలి. ఇటలీలో పీసా గోపురం కథ మీరు విన్నదే. 1173లో మొదలుపెట్టారు. ఒకవైపు బంకనేల రెండోవైపు కంటే మెత్తన. మూడో అంతస్తుకు వచ్చేసరికే వంగడం మొదలైంది. ఎనిమిది వందల ఏళ్ళ తరువాత ఇంజనీర్లు ఎత్తుగా ఉన్న వైపు కింద నుంచి కొంచెం కొంచెంగా మట్టి తీసి, ఒరుగుదల తగ్గించి, 2001లో మళ్ళీ జనాన్ని ఎక్కనిచ్చారు. మన వంటింటి గోడ కోసం అంతమంది నిపుణులు రారు.

ఒకచోట పొరపాటున ఎక్కువ తవ్వారనుకోండి, ఆ ఎక్కువను తీసిన మట్టితోనే పూడ్చి కాళ్ళతో తొక్కి సమం చేస్తారు. నేను చూసిన పనుల్లో మాటిమాటికీ జరిగే తప్పు ఇది. ఆ ఖాళీని పేద కాంక్రీటుతోనే, అంటే సిమెంటు తక్కువ వేసిన బెడ్ కాంక్రీటుతోనే నింపాలి. మట్టితో కూడదు.

గుంట తవ్వి రోజుల తరబడి వదిలేయకండి. బంకనేల గాలికి, ఎండకు నెర్రెలిస్తుంది, వానకు బురద అవుతుంది. అందుకని చివరి అరడుగు తవ్వకుండా ఉంచి, కాంక్రీటు పోసే ముందు మాత్రమే తవ్వించడం మంచి పద్ధతి. మధ్యలో వాన వచ్చి నీళ్ళు నిలిస్తే తోడించి, అడుగున ఉన్న బురదను పారతో గీకి తీయించండి. తేట నేల వచ్చేదాకా తీయాలి. బురదలో పొడి సిమెంటు చల్లితే గట్టిపడుతుందని మేస్త్రి అంటాడు. పైన పెచ్చులాగా గట్టిపడుతుంది, కింద బురద బురదలాగే ఉంటుంది. అలాగే బాగా నానిన బంకమట్టిమీద దిమ్మిస కొట్టించకండి, అది గట్టిపడదు, పక్కలకు జరుగుతుంది. గ్రావెలు, ఇసుక కలిసిన నేల అయితే కాస్త తడిచేసి దిమ్మిస కొట్టవచ్చు.

ఇక్కడ ముహూర్తం ప్రస్తావన తప్పదు. రాత్రి వాన కురిసి గుంటలో మోకాటిలోతు నీళ్ళున్నా, పొద్దున ఎనిమిదీ ఇరవైకి ముహూర్తం దాటిపోతుందని కాంక్రీటు పోయించినవాళ్ళు నాకు తెలుసు. పురోహితులు మనకంటే తెలివైనవాళ్ళు, అడిగితే దారి చెబుతారు. ముహూర్తానికి ఈశాన్యం గుంటను శుభ్రం చేసి ఒక బొచ్చెడు కాంక్రీటు వేయండి. శాస్త్రం తీరుతుంది. మిగతాది నేల ఆరాక పోసుకోండి. పూజలో వేసిన పూలు, కొబ్బరిచిప్పలు, అరటాకులు మాత్రం పోసే ముందు తీయించడం మరచిపోవద్దు. మా ఇంట్లో దొరికిన కొబ్బరిచిప్ప పూజది కాదు, కానీ అప్పటినుంచి కొబ్బరిచిప్ప చూస్తే నాకు అదోలా ఉంటుంది.

చెదలమందు కొట్టించేది ఇప్పుడే. ఐ.ఎస్. 6313 ప్రకారం గుంట అడుగున, పక్కలకు, తరువాత బేస్‌మట్టం నింపిన మట్టిమీద కొట్టాలి. ఇల్లు కట్టాక గచ్చుకు బెజ్జాలు పెట్టి కొట్టించడం కంటే ఇది చవక. ఆల్డ్రిన్ వంటి పాత మందులు నిషేధంలో ఉన్నాయి, ఎవరైనా మిగిలిందని తెస్తే వద్దనండి. మందు కొట్టిన రోజు పిల్లల్ని అటు రానివ్వకండి.

గుంట సిద్ధమయ్యాక అడుగున నాలుగంగుళాల మందాన బెడ్ కాంక్రీటు వేస్తారు. ఒకటికి నాలుగు ఇసుక, ఎనిమిది కంకర పాళ్ళు, నలభై ఎం.ఎం. కంకర సరిపోతుంది. కొందరు ఇది దండగ ఖర్చు అని నేరుగా మట్టిమీద జాలీ పరిచేస్తారు. ఒక గుంట బెడ్డుకయ్యే డబ్బుతో ఇంట్లో ఒక తలుపు కూడా రాదు. బెడ్డు ఉంటే జాలీకి మట్టి అంటదు, పై కాంక్రీటులోని సిమెంటు పాలు నేలలోకి ఇంకిపోవు. జాలీని ఆ బెడ్డుమీద కూడా నేరుగా పెట్టకూడదు. ఫుటింగులో ఇనుముకు కింద, పక్కల కనీసం యాభై ఎం.ఎం., అంటే రెండంగుళాల కాంక్రీటు కవరింగు ఉండాలని ఐ.ఎస్. 456 చెబుతుంది. దానికి సిమెంటు బిళ్ళలు ముందే పోయించి నీళ్ళలో నానబెట్టి ఉంచండి. కంకర రాళ్ళు, ఇటుక ముక్కలు పెట్టనివ్వకండి, కాంక్రీటు పోసేటప్పుడు తొక్కిడికి జారిపోతాయి.

పోసే ముందు నేల ఎండి ఉంటే నీళ్ళు చిలకరించండి. ఎండినేల కాంక్రీటులోని నీటిని పీల్చేస్తుంది. తడిగా ఉండాలి, నీళ్ళు నిలవకూడదు. కాంక్రీటు గురించి నేను చెప్పేది ఇంతే. మిల్లరు తిరగడం మొదలుపెట్టాక చెప్పేవాళ్ళు చాలామంది వస్తారు.

గుంటల్లో పిల్లర్లు లేచాక చుట్టూ పూడ్చడం, బేస్‌మట్టం నింపడం కూడా నేలను సిద్ధం చేయడంలోకే వస్తుంది, గచ్చు దానిమీదే కదా పోసేది. తీసిన రేగడి గడ్డలనే తిరిగి లోపల వేస్తే ఖర్చు కలిసివస్తుందని ఆశ పుడుతుంది. మీ చేనుంటే అక్కడికి తోలుకోండి. లోపల గ్రావెలు, అరడుగు మందం మించకుండా పొరలుగా వేసి, తడిపి, ప్రతి పొరనూ దిమ్మిస కొట్టించాలి. మూడడుగుల మట్టిని ఒకేసారి గుమ్మరించి పైన నీళ్ళు వదిలితే, పైన గట్టిగా కనపడుతుంది, రెండేళ్ళకు టైల్సు కింద బొళ్ళుమని మోగుతుంది.

అమెరికాలోను, బెంగళూరులోను పిల్లలున్నవాళ్ళకు ఒక మాట. వాళ్ళు డబ్బు పంపుతారు, మేస్త్రి ఫోనులో వీడియో పంపుతాడు, అక్కడ కూర్చుని బాగుందంటారు. ఫొటోలో గుంట లోతు తెలియదు, మెత్తనో గట్టిదో అసలే తెలియదు. కనీసం గుంటలో నిలువుగా టేపు పట్టించి, గునపం ఎంత దిగిందో చూపించి తీయమని చెప్పండి. 1991లో నేను ఇన్‌లాండ్ లెటరుతో చేసిన పొరపాటు ఇప్పుడు వీడియోతో జరుగుతోంది.

కట్టేసిన ఇళ్ళవాళ్ళు మా సంగతేమిటని అడుగుతున్నారు. ఆ చెల్లెమ్మగారింటికి వనభోజనాలైన వారానికే వెళ్ళాను. వంటింటి గోడ పక్కనే అంట్లు తోమే నీళ్ళు నేలలోకి పోతున్నాయి. గోడకు ఐదడుగుల దూరంలో వేపచెట్టు ఉంది. నీళ్ళు ఒకవైపు నానబెడుతుంటే, చెట్టు వేళ్ళు రెండోవైపు తేమ పీల్చేస్తున్నాయి. నీళ్ళకు గొట్టం వేయించి వీధికాలువలో కలిపాం. ఇంటి చుట్టూ నాలుగడుగుల వెడల్పున బయటికి వాలుగా చప్టా పోయించాం, వాననీరు పునాది పక్కన ఇంకకుండా. చెట్టు విషయంలో ఆవిడ ఒప్పుకోలేదు. వాళ్ళాయన నాటిన చెట్టు. కొమ్మలు మాత్రం తగ్గించాం. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో గోడకు అంత దూరంలో నాటాలని పక్కింట్లో కొత్తగా మొక్క పెడుతున్నవాళ్ళకు చెప్పి వచ్చాను. బీటమీద లప్పం పెట్టకుండా, అడ్డంగా మూడు చోట్ల సన్నని గాజుపలకలు సిమెంటుతో అతికించి తేదీ రాశాను. గోడ కదిలితే పలక పగులుతుంది. వానలు మొదలయ్యాక మొన్న వెళ్ళి చూశాను. రెండు పలకలు అలాగే ఉన్నాయి, పైది వెంట్రుకవాసి చిట్లింది. వచ్చే వేసవి దాటేదాకా ఏమీ చెప్పలేనని ఆవిడతో అన్నాను. ఆవిడ ప్రతి నెలా ఒకటో తారీఖున, పెన్షను పడిందో లేదో చూసుకున్నాక, వెళ్ళి పలకలు చూసి కాగితంమీద రాసి ఉంచుతున్నారు.

అరగంట అన్నారు, ముప్పావుగంట అయింది. మీలో ఎవరైనా ఇల్లు మొదలుపెడుతుంటే, మీ పిల్లలు మొదలుపెడుతున్నా సరే, కార్యదర్శిగారికి చెప్పి నాకు కబురు చేయండి. ముహూర్తం రోజున పిలవకండి, గుంటలు తవ్వడం అయిన రోజు సాయంత్రం పిలవండి. మరునాడు తెల్లవారుజామునే వస్తాను. కాఫీ చాలు. గునపం నేనే తెచ్చుకుంటాను, గుంటలోకి దిగడానికి చిన్న నిచ్చెన మాత్రం మీరు చూడాలి.